స్టేజింగ్: ఇంటి నుంచే పుట్టిన మాట

అమ్మకానికి పెట్టిన ఇంటిని సోఫాలతో, దీపాలతో, మొక్కలతో తీర్చిదిద్ది చూపించడాన్ని హోమ్ స్టేజింగ్ అంటారు. స్టేజీ అనగానే మనకు నాటకం, వేషం, తెర గుర్తొస్తాయి. కనుక ఇదీ కొనేవాళ్ల కళ్లకు గంతలు కట్టడమేనన్న అనుమానం సహజం. కానీ ఆ మాట పుట్టుక వేరు. నిలబడటాన్ని చెప్పే లాటిన్ 'స్తారే' నుంచి వచ్చిన పాత ఫ్రెంచి మాటకు నివాసం, ఇంటి అంతస్తు అని అర్థాలు. నేటి ఫ్రెంచిలోనూ 'ఎతాజ్' అంటే అంతస్తే. నాటక వేదిక అన్న అర్థం ఇంగ్లిష్‌లో తర్వాత చేరింది.

ఈ వృత్తిని ఆ పాత అర్థంతోనే, అంటే ఆ ఇంట్లో నివాసం ఎలా ఉంటుందో చూపుతుందా అన్నదానితోనే కొలవాలని నా అభిప్రాయం. మంచం వేశాక నడిచే దారి మిగులుతుందా అన్నది ఖాళీ గది చెప్పలేదు. సామాను వేసిన గది చెబుతుంది. సింగపూర్‌లో పాయా లేబర్ చుట్టుపక్కల ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ ఫ్లాట్లనే తీసుకోండి. వైశాల్యమెంతో, 99 ఏళ్ల లీజులో ఎన్నేళ్లు మిగిలాయో రికార్డుల్లో ఉంటుంది; ఏ కుషనూ దాన్ని మార్చలేదు. మరి కురచ మంచం వేసి గదిని పెద్దదిగా చూపితే? చెమ్మ మరకపై పటం తగిలిస్తే? అది దాపరికం, దానికి స్టేజింగ్ అన్న పేరు ఇవ్వకూడదు. దాచకపోవడానికి పాయా లేబర్ పేరే ఉదాహరణ. మలయ్ భాషలో పాయా అంటే చిత్తడి నేల, లేబర్ అంటే విశాలం. 1955లో అక్కడ విమానాశ్రయం వచ్చినా ఆ పేరు పాత నేల సంగతిని దాచలేదు. అమ్మేవాళ్లూ అంతే, అడిగితే పటం తీసి గోడ చూపించాలి.