గర్భసంచి లేని పుట్టుక

పదహారేళ్లు దాటినా పిల్ల పెద్దమనిషి కాలేదని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. ఒంటి ఎదుగుదల అంతా మామూలే. స్కానింగులో గర్భసంచి మాత్రం కనిపించదు. సుమారు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉండే ఈ స్థితిని ఎంఆర్‌కెహెచ్ అంటారు. పిండదశలో రెండు ముల్లర్ నాళాలు కలిసి గర్భాశయంగా, యోని పైభాగంగా ఏర్పడాలి. ఇక్కడ ఆ పని సరిగా జరగదు. అండాశయాలు చాలామందిలో చక్కగానే పనిచేస్తాయి.

పుట్టుకతో వచ్చే ఇలాంటి లోపాలు పాతవాళ్లూ ఎరుగుదురు. చరకసంహిత చెప్పిన ఇరవై యోనివ్యాధుల్లో సూచీముఖి ఒకటి. కడుపుతో ఉన్న తల్లి వాతం చేసే తిండి తినడం వల్ల బిడ్డకు ద్వారం సన్నబడుతుందట. తప్పు తల్లి మీదికి నెట్టడం అంత పాతదన్నమాట! ఐరోపాలో 1559లో రియాల్డో కొలంబో మొదలుపెట్టిన వర్ణనలు మేయర్ (1829), రోకిటాన్‌స్కీ (1838), క్యూస్టర్ (1910), హౌజర్ (1961) దాకా సాగాయి. చివరి నలుగురి పేర్లే జబ్బు పేరయ్యాయి.

చికిత్సకు అసలు మలుపు 1938. ఆ ఒక్క ఏడాదిలోనే యోనిని ఏర్పరచే రెండు దారులు ప్రచురణకు వచ్చాయి. లండన్‌లో మెకిండో అనే సర్జన్ తొడ నుంచి తీసిన పలుచని చర్మాన్ని అచ్చుకు చుట్టి, కోసి చేసిన ఖాళీలో అమర్చాడు. అది ముడుచుకుపోకుండా నెలల తరబడి అచ్చు లోపలే ఉంచుకోవాలి. అమెరికాలో రాబర్ట్ ఫ్రాంక్ కత్తే పట్టలేదు. సన్నం నుంచి లావుకు వరుసగా గొట్టాలిచ్చి, రోజూ కొంతసేపు మెల్లగా ఒత్తుకొమ్మన్నాడు. ఆ చోటి కణజాలం సాగుతుంది. దశాబ్దాల పాటు పేరంతా కత్తిదే. ఇప్పుడు నిపుణులు ముందుగా సూచించేది ఫ్రాంక్ పద్ధతినే. పేషెంటు చేతిలో ఉండే వైద్యానికి గౌరవం ఆలస్యంగా దక్కడం నాకేమీ వింత అనిపించదు.

ఇదంతా కాపురం గురించిన ఆలోచనే. బిడ్డ సంగతి తర్వాతెప్పుడో వచ్చింది. 2014లో స్వీడన్‌లో బ్రెన్‌స్ట్రోమ్ బృందం వైద్యంతో, 61 ఏళ్ల స్నేహితురాలి గర్భసంచి అమర్చిన 36 ఏళ్ల ఎంఆర్‌కెహెచ్ మహిళకు మగబిడ్డ పుట్టాడు. 2017లో పుణెలో తల్లి గర్భసంచిని కూతురికి అమర్చారు. అయినా మన దేశంలో ఎక్కువమందికి అందుబాటులో ఉన్న ఆశ సరోగసీయే. 2023 మార్చిలో అందులో దాత అండాలు వాడకూడదని నిబంధన తెచ్చారు. అండాశయాలు కూడా లేని ఒక ఎంఆర్‌కెహెచ్ మహిళ సుప్రీంకోర్టుకెక్కింది. అక్టోబరులో ఆమెకు ఊరట దొరికింది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆ నిబంధనను సడలించింది.