టార్లక్ దొరబిడ్డ

పదిహేడేళ్ల పిల్లాణ్ణి యుద్ధ విలేకరిగా కొరియాకి పంపిన ఘనత మనీలా టైమ్స్ పత్రికది. 1950లో అలా వెళ్లిన కుర్రాడి పూర్తి పేరు బెనిగ్నో అక్వినో జూనియర్. ఇంట్లోవాళ్లూ, తర్వాత దేశమంతా పిలిచిన పేరు నినోయ్. ఆ వార్తలకు మెచ్చి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు కిరినో పతకమిచ్చేనాటికి అతనికి పద్దెనిమిదేళ్లు. ప్రతి మెట్టూ వయసుకంటే ముందే ఎక్కడం అప్పటినుంచే అలవాటైంది. ఆ తొందర నినోయ్‌ని రెండుసార్లు కోర్టు మెట్లు కూడా ఎక్కించింది.

తొందరకి ఇంటి చరిత్ర కూడా కొంత కారణం అనుకోవాలి. మనీలాకి ఉత్తరాన వరి, చెరకు పండే టార్లక్ రాష్ట్రంలో అక్వినోలు పేరున్న భూస్వాములు. తాత సెర్విలియానో విప్లవ సైన్యంలో జనరల్. తండ్రి సెనేటర్‌గా, మంత్రిగా చేసి, జపాన్ ఆక్రమణ రోజుల్లో ఆ దొరతనం నీడన ఏర్పడ్డ జాతీయ అసెంబ్లీకి స్పీకర్ అయ్యాడు. యుద్ధం ముగియగానే అతని మీద దేశద్రోహం కేసు పడింది. తీర్పు రాకముందే, 1947 డిసెంబరులో, బాక్సింగ్ పోటీ చూస్తూ గుండె ఆగి పోయాడు. కొడుక్కి అప్పుడు పదిహేనేళ్లు. తాత వీరుడు, తండ్రి ముద్దాయి. ఇంటిపేరుకంటిన మచ్చ కడగాలన్న పట్టుదల ఆ పిల్లవాడిలో అప్పుడే మొదలైందంటే నమ్మవచ్చు.

1954లో అధ్యక్షుడు మగ్సైసాయ్ ఓ చిక్కు పని అప్పగించాడు. మధ్య లూజోన్‌లో పాలికాపుల తిరుగుబాటు నడుపుతున్న హుక్ దళాల నాయకుడు లూయిస్ తారుక్‌తో రహస్యంగా మాట్లాడి రావడం. నెలల తరబడి మంతనాలు జరిగాయి. మేలో తారుక్ లొంగిపోయాడు, జైలుకి వెళ్లాడు. హుక్‌లు ఎవరి మీద తిరగబడ్డారో, ఆ భూస్వాముల ఇంటి బిడ్డే వాళ్ల నాయకుణ్ణి అడవి నుంచి బయటికి తేవడంలో విడ్డూరం ఉంది. అయితే భూమి సమస్య ఎంత లోతుదో మనీలా రాజకీయ నాయకుల్లో చాలామందికంటే నినోయ్‌కి బాగా తెలుసన్నది కూడా నిజమే.

అదే ఏడాది అక్టోబరులో కొరజాన్ కొహువాంగ్కోని పెళ్లాడాడు. పెళ్లికూతురి పుట్టింటివారు టార్లక్‌లో అక్వినోలకంటే పెద్ద సంపన్నులు. ఆ తర్వాత కొన్నేళ్లకే మామగారు హోసే కొహువాంగ్కో ఓ స్పానిష్ కంపెనీ నుంచి హసియెండా లుయిసిటా అనే చెరకు ఎస్టేటునీ, దాని పక్కనున్న చక్కెర మిల్లునీ కొన్నాడు. భూమి 6,443 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు 16 వేల ఎకరాలు. డబ్బులో పెద్ద భాగం ప్రభుత్వ సంస్థల అప్పు, పూచీకత్తుల మీద వచ్చింది. అప్పుతోపాటు ఒక షరతు కూడా వచ్చింది: పదేళ్లలో ఈ భూమిని చిన్న రైతులకి పంచాలి. ఎస్టేటు నడపడానికి మామగారు పెట్టిన మొదటి నిర్వాహకుడు నినోయే. పదేళ్లు గడిచాయి, భూమి మాత్రం చేతులు మారలేదు.

పదవులు మాత్రం వరుసకట్టాయి. 1955లో సొంతూరు కన్సెప్సియోన్‌కి మేయర్ అయ్యాడు. వయసు చాలలేదని కోర్టు ఆ పదవి ఊడగొట్టింది. 1959లో టార్లక్ ఉప గవర్నర్, 1961లో గవర్నర్. నేషనలిస్టా పార్టీలో ఉన్నవాడు అధికారం ఎటుందో చూసుకుని లిబరల్ పార్టీలోకి దూకాడు. కొంతకాలానికి ఫెర్డినాండ్ మార్కోస్ సరిగ్గా ఎదురు దిశలో, లిబరల్ నుంచి నేషనలిస్టాకి దూకి, 1965లో అధ్యక్షుడయ్యాడు. ఇద్దరూ ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయంలో ఒకే విద్యార్థి సంఘం సభ్యులు. ఇద్దరికీ మాటకారితనం, జ్ఞాపకశక్తి, హద్దుల్లేని ఆశ. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఆ రోజుల్లో తేడాలకంటే పోలికలే ఎక్కువ కనిపించి ఉండాలి.

1967 సెనేట్ ఎన్నికల్లో మార్కోస్ గాలి వీచింది. లిబరల్ పార్టీ తరఫున గెలిచింది నినోయ్ ఒక్కడే. సెనేటర్‌కి ముప్పైయైదు నిండాలన్నది రాజ్యాంగ నియమం. పోలింగ్ రోజుకి అతనికి ఇంకా ముప్పైనాలుగు. మళ్లీ కేసు నడిచింది, ఈసారి నెగ్గాడు. అక్కడినుంచి మార్కోస్‌కి పక్కలో బల్లెమయ్యాడు. దేశాన్ని సైనిక శిబిరంగా మారుస్తున్నారని సభలో ధ్వజమెత్తాడు. కొరెహిదోర్ దీవిలో రహస్య శిక్షణ పొందుతున్న ముస్లిం యువకులు హతమైన జబిదా ఉదంతాన్ని 1968 మార్చిలో సెనేట్ ముందు పెట్టాడు. ఇమెల్డా మార్కోస్ తలపెట్టిన ఆర్భాటపు సాంస్కృతిక కేంద్రం మీద 1969లో చేసిన ప్రసంగం ఆమెను బాగా నొప్పించింది. మార్కోస్ రెండో దఫా ముగిసేసరికి రాష్ట్రపతి భవనం మలకన్యాంగ్‌కి రాబోయేది నినోయేనని అంతా అనుకున్నారు.

ఆ ఎన్నిక జరగలేదు. 1972 సెప్టెంబరులో మార్షల్ లా వచ్చింది. మొట్టమొదట అరెస్టయినవాళ్లలో నినోయ్ ఒకడు. రాత్రివేళ మనీలా హిల్టన్ హోటల్లో ఓ కమిటీ సమావేశంలో ఉండగా సైనికులు వచ్చి తీసుకుపోయారు. అప్పటిదాకా అన్నిటికీ పరిగెత్తినవాడు ఏడేళ్ల ఏడు నెలలు నాలుగు గోడల మధ్య ఆగిపోయాడు. 1973లో అతణ్ణి, తోటి సెనేటర్ హోసే డియోక్నోని నుయెవా ఎసిహాలోని లౌర్ అనే చోట ఓ సైనిక శిబిరానికి తరలించి, నెలరోజులు విడివిడి గదుల్లో ఒంటరిగా ఉంచారు. కళ్లద్దాలు, పెళ్లి ఉంగరం కూడా తీసేసుకున్నారు. బతికే ఉన్నామని ఒకరికొకరు తెలుపుకోవడానికి ఇద్దరూ పాటలు పాడుకునేవారట.

ఈ జైలే నినోయ్‌ని మార్చిందని నా అంచనా. బయట ఉన్నప్పటి నినోయ్ నిప్పులాంటి వక్త, నేర్పరి ఆటగాడు. లోపలి నుంచి రాసిన ఉత్తరాల్లో కనిపించేవాడు దేవుణ్ణి నిలదీసి, చివరికి తనను తాను నిలదీసుకున్న మనిషి. 1975లో సైనిక కోర్టు విచారణకు నిరసనగా నలభై రోజులు నిరాహారదీక్ష చేసి ఎముకల గూడయ్యాడు. 1977 నవంబరులో అదే సైనిక కోర్టు తుపాకులతో కాల్చి చంపాలని శిక్ష వేసింది. శిక్ష అమలు కాలేదు. మరుసటి ఏడాది జైల్లో ఉంటూనే లాబాన్ అనే కొత్త పార్టీ పెట్టి, ఇమెల్డా నాయకత్వంలోని జట్టుపై మెట్రో మనీలాలో పోటీకి దిగాడు. ఎన్నికల ముందురోజు రాత్రి జనం వీధుల్లోకి వచ్చి గిన్నెలు మోగించి, హారన్లు కొట్టి నగరాన్ని దద్దరిల్లజేశారు. లెక్కింపులో మాత్రం లాబాన్‌కి ఒక్క సీటూ దక్కలేదు.

1980లో గుండెపోటు వచ్చింది. చికిత్సకి అమెరికా వెళ్లనిచ్చారు. డల్లాస్‌లో ఆపరేషన్, ఆపై హార్వర్డ్, ఎంఐటీల్లో చదువూ ఉపన్యాసాలూ. కుటుంబం బోస్టన్ దగ్గర న్యూటన్‌లో స్థిరపడింది. అంతా కలిసి ఉన్న ఆ మూడేళ్లే తమ జీవితంలో మంచి రోజులని కొరజాన్ తర్వాత చెప్పుకునేది.

మార్కోస్ జబ్బున పడ్డాడన్న వార్తలు వినవస్తుండగా, వద్దని ఎందరు వారించినా, మార్షియల్ బోనిఫాసియో అనే పేరున్న పాస్‌పోర్టుతో బయల్దేరాడు. మార్షల్ లా ఒకటి, తనను బంధించిన బోనిఫాసియో కోట ఒకటి, రెండూ కలిపి కట్టిన పేరది. 1983 ఆగస్టు 21న తైపే నుంచి వచ్చిన విమానం మనీలాలో ఆగింది. సైనికులు దింపుకుపోతున్నప్పుడు, మెట్లు దిగేలోపే తల వెనక తూటా దిగింది. హంతకుడంటూ చూపిన రోలాండో గాల్మన్ అక్కడే చచ్చిపడ్డాడు. నెత్తురంటిన బట్టలతోనే కొడుకుని ప్రజల ముందుంచింది తల్లి అరోరా. అంతిమయాత్ర ఉదయం మొదలై రాత్రికిగానీ ముగియలేదు. లక్షల మంది నడిచారు. సైన్యాధిపతి ఫాబియన్ వెర్ సహా ముద్దాయిలందరినీ 1985 డిసెంబరు 2న కోర్టు వదిలేసింది. రెండు నెలల తర్వాత జరిగిన ఎన్నికలో మార్కోస్‌తో తలపడింది నినోయ్ భార్య కొరజాన్. ఫిబ్రవరి చివర్లో ఎద్సా రోడ్డు మీద జనం నిండాక మార్కోస్ దేశం విడిచాడు. పునర్విచారణలో, 1990లో, 16 మంది సైనికులకు శిక్ష పడింది. ఆజ్ఞ ఎవరిచ్చారన్నది మాత్రం తేలలేదు.

విమానాశ్రయానికి నినోయ్ పేరు పెట్టారు, 500 పేసోల నోటు మీద ఆ ముఖం ముద్రించారు. ఎస్టేటు ఖాతా మాత్రం మూసుకోలేదు. షరతు నిలబెట్టుకోలేదని మార్కోస్ ప్రభుత్వం 1980లోనే కొహువాంగ్కోల మీద దావా వేసింది. అది రాజకీయ ఒత్తిడే, సందేహం లేదు; షరతు కూడా నిజమే. కొరజాన్ అధ్యక్షురాలైన ఏడాదిలోపే, 1987 జనవరిలో, భూమి అడుగుతూ మెండియోలా వంతెన దగ్గరికి వచ్చిన రైతులపై కాల్పులు జరిగి కనీసం పన్నెండు మంది చనిపోయారు. మరుసటి ఏడాది వచ్చిన భూసంస్కరణ చట్టంలో భూమికి బదులు కంపెనీ షేర్లు పంచే వెసులుబాటుంది. లుయిసిటా దాన్నే వాడుకుంది. 2004 నవంబరులో ఎస్టేటు గేటు ముందు సమ్మెలో ఉన్నవారిపై కాల్పులు, ఏడుగురి మరణం.

షేర్ల పద్ధతి చెల్లదని, 4,915 హెక్టార్లు 6,296 మంది పనివాళ్లకు పంచాలని సుప్రీంకోర్టు 2012లో తుది తీర్పిచ్చింది. అప్పుడు అధ్యక్షుడు నినోయ్ కొడుకు బెనిగ్నో అక్వినో మూడోవాడు. 2013లో లాటరీ డ్రమ్ము తిప్పి చీటీలు తీసి ప్లాట్లు కేటాయించారు. తలకి 6,600 చదరపు మీటర్లు, ఎకరమున్నర పైచిలుకు. పెట్టుబడి లేక చాలామంది ఆ ముక్కని కౌలుకిచ్చేశారు.