వేరే కంప్యూటర్లో తెరుచుకుంటేనే దాచినట్టు

మాది కొడవలూరు మండలంలో ఒక యానాది కాలనీ. నెల్లూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదవతా ఉండాను. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదట. పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

పోయిన ఏడాది నేనూ నా రూమ్మేటూ కలిసి కాలనీలో పెద్దోళ్ళ మాటలు ఫోన్లో రికార్డు చేసినాము. ఏ ఆకు దేనికి పనికొస్తుంది, గట్టు మీద ఎలక బొక్క ఎట్టా గుర్తుపట్టాలి, రాకెట్ కేంద్రం రాకముందు శ్రీహరికోటలో మనోళ్ళు ఎట్టా బతికినారు, ఇట్టాంటివి. మొత్తం పదిహేడు. అన్నీ ఒక పాత కంప్యూటర్లో వేసి, పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ కూడా తీసినామని ధైర్యంగా ఉన్నాము. కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది. పెన్‌డ్రైవ్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూస్తే ఒక్కటీ తెరుచుకోలేదు. మేము కాపీ చేసింది ఫైళ్ళని కాదు, డెస్క్‌టాప్ మీద ఉండే షార్ట్‌కట్లని! అవి ఫలానా చోట ఫైలు ఉంది అని చెప్పే గుర్తులు మాత్రమే. వాట్సాప్‌లో ఎవరికో పంపిన ఆరు మిగిలినాయి. మా తాత గొంతు ఉన్నవి ఆ ఆరులో లేవు. తాత ఇప్పుడు లేడు.

అప్పటినుంచి ఈ విషయం గురించి చదవతా ఉండాను. ఇట్టాంటి కథే మన దేశంలో చాలా పెద్ద ఎత్తున జరిగింది.

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ప్రొఫెసర్. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసి అందరికీ ఉచితంగా ఇవ్వాలని 2000 తర్వాత మొదలైన పనికి ఆయన ముందున్నారు. మన దేశంలో దాని పేరు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి సంస్థలు ఇందులో పనిచేశాయి. వేల తెలుగు పుస్తకాలు అందులోకి ఎక్కినాయి.

2017 ప్రాంతంలో కాపీరైట్ గొడవ వల్ల ఆ సైటు ఆగిపోయింది. అంతకుముందే కార్ల్ మాలమూడ్ అనే అమెరికా ఆయన నాలుగు లక్షలకు పైగా పుస్తకాల్ని దించుకొని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టినాడు. ఈ రోజు మనం ఫోన్లో పాత తెలుగు పుస్తకం చదవగలుగుతున్నామంటే చాలాసార్లు ఆ కాపీ వల్లే. అసలు చోటు మూతపడినా వేరే దేశంలో, వేరే మిషన్ల మీద పుస్తకం బతికింది.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. మొదటి సైట్లో పుస్తకం పేజీకొక బొమ్మగా, విడివిడి ఫైళ్ళుగా ఉండేది. కొత్త చోట అవే పీడీఎఫ్‌లుగా కుదురుకున్నాయి కాబట్టి ఏ ఫోన్లో అయినా తెరుచుకుంటాయి. రెండోది పేర్లు. తెలుగు పుస్తకాల పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో తప్పులతో ఎక్కించారు. పుస్తకం ఉన్నా వెతికితే దొరకదు. తెలుగు వికీపీడియా వాళ్ళు కూర్చొని తెలుగు లిపిలో జాబితాలు తయారు చేశారు. కాపీ వస్తే చాలదు, పేరు కూడా సరిగ్గా రావాలి.

తెలుగు ఫైళ్ళకి ఇంకో దెబ్బ ఉంది. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం చోట్లో కూర్చునేది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పిచ్చి గీతలే. 1991లో యూనికోడ్ తెలుగుకి సొంత నంబర్లు ఇచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చినాక ఆ పద్ధతి మామూలు కంప్యూటర్లకి చేరింది. పాత ఫైళ్ళని మాత్రం ఇప్పటికీ మార్చుకోవాల్సిందే.

ఇదంతా మనకెందుకు అంటారా? బోస్వెల్ అనే దొర 1873లో నెల్లూరు జిల్లా మాన్యువల్‌లో యానాదుల గురించి రాసినాడు. థర్‌స్టన్ 1909లో ఏడో సంపుటంలో రాసినాడు. అవి చాలా లైబ్రరీల్లో ఉండాయి, ఇప్పుడు ఇంటర్నెట్లో కూడా ఉండాయి. అంటే బయటోళ్ళు మన గురించి రాసిన మాటకి వంద కాపీలు. మనోళ్ళు సొంత నోటితో చెప్పిన మాటకి ఒకటే కాపీ, అదీ ఒక ఫోన్లో. రేపు ఎవరైనా మన చరిత్ర రాయాలంటే దేన్ని చూసి రాస్తారు?

అందుకే నేను నేర్చుకున్నది చెప్తా. కాపీలు మూడు ఉండాలి. ఒకటి ఫోన్లో, ఒకటి పెన్‌డ్రైవ్ లేదా హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఊర్లో గానీ గూగుల్ డ్రైవ్‌లో గానీ. 2021 నవంబరులో పెన్నా వరద గుర్తుంది గదా, ఒకే ఇంట్లో మూడు కాపీలు పెడితే మూడూ తడుస్తాయి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే నాలుగు జీబీ దాటిన వీడియో ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి (చేసేముందు లోపల ఉన్నవి తీసి పెట్టుకోండి, ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి). ఫైలు పేరులో మనిషి పేరు, ఊరు, తేదీ రాయండి. ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం. ఆ పెన్‌డ్రైవ్‌ని మీది కాని కంప్యూటర్‌కి పెట్టి, ఒక్కో ఫైలూ తెరిచి వినండి. వినపడితేనే బ్యాకప్ ఉన్నట్టు.

మేము మళ్ళీ మొదలుపెట్టినాము. ఈసారి ఇరవై రెండు రికార్డులు అయినాయి, మూడు చోట్ల ఉండాయి, మూడు చోట్లా విన్నాము. మీ ఇంట్లో తాతో అవ్వో ఉంటే ఈ సెలవుల్లో పక్కన కూర్చోండి. చేసినోళ్ళు కింద చెప్పండి, ఒకరి కాపీ ఒకరం దాచుకుందాం.