మట్టినీళ్ల పుదీనా

పచ్చడికి ఆకులు దూసుకున్నాక మిగిలిన పుదీనా కాడలు పారేయబుద్ధి కాక మా ఇంట్లో గ్లాసుడు నీళ్లలో వేసి ఉంచుతాం. నాలుగైదు రోజులు గడిస్తే కణుపుల దగ్గర తెల్లటి దారాల్లా వేళ్లు దిగుతాయి. ఇదే పని 1691లో ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ చేశాడనీ, కాడలను ముందూ వెనకా తూచి లెక్క రాసి పెట్టాడనీ చదివిన రోజు నా సంతోషం పట్టరానిదైంది.

వుడ్‌వర్డ్ వైద్యుడు. అంతకుమించి రాళ్లూ శిలాజాలూ పోగుచేసిన భూగర్భ శాస్త్రవేత్త. వాన నీటిలో పెట్టిన పుదీనా మొదటి బరువు మీద నూటికి 62 వంతులు పెరిగింది. థేమ్స్ నది నీటిలో పెట్టినది 93 వంతులు పెరిగింది. మరుసటి ఏడు హైడ్ పార్కు నుంచి గొట్టాల్లో వచ్చే నీరు తీసుకున్నాడు. ఆ నీటిలో 126 వంతులు పెరిగిన పుదీనా, అదే నీటిలో ఒకటిన్నర ఔన్సుల తోట మట్టి కలిపితే ఏకంగా 309 వంతులు పెరిగింది! ఈ లెక్కలన్నీ 1699లో అచ్చయ్యాయి.

అంతకు ముందు వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త ఒక విల్లో మొక్కను అయిదేళ్లు తొట్టిలో పెంచాడు. తొట్టిలో మట్టి రెండు ఔన్సులే తగ్గింది కాబట్టి చెట్టంతా నీటితోనే తయారైందని తేల్చాడు. గాలి నుంచి మొక్క తీసుకునే భాగం ఆయన లెక్కలోకి రాలేదు. కేవలం నీరే చాలదు, నీటిలో కరిగి వచ్చేది ఏదో ఉందని వుడ్‌వర్డ్ పుదీనా చెప్పింది.

ఆ మాట అరకు దారిలోని అనంతగిరి పిల్లలకు కళ్లెదుటే కనిపిస్తుంది. గోస్తనీ నది పుట్టేది ఈ కొండల్లోనే. బొర్రా గుహల్లో సున్నపురాయిని కరిగించి దారి చేసుకున్నది నీరే. ఆ కరిగిన రాయినే చుక్క చుక్కగా వదిలి స్తంభాలు కట్టిందీ నీరే. తేటగా కనిపించే నీటిలో రాయి దాగి ఉంటుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

వుడ్‌వర్డ్ తర్వాతి నూటఅరవై ఏళ్లను ఒక్క అంగలో దాటేద్దాం. 1860ల్లో జర్మనీలో సాక్స్, నాప్ అనే ఇద్దరు నీటిలో కరగాల్సిన లవణాలేమిటో తేల్చి, అసలు మట్టే లేకుండా మొక్కలు పెంచారు. 1929లో కాలిఫోర్నియాలో గెరిక్ అనే శాస్త్రవేత్త తొట్ల నీటిలో టమాటాలు కాయించాడు. 1937లో ఆ సాగును హైడ్రోపోనిక్స్ పేరుతో లోకానికి పరిచయం చేశాడు. గ్రీకులో 'నీరు', 'శ్రమ' అనే రెండు మాటలు కలిస్తే ఆ పేరు. అదే ఏడాది అక్టోబరులో, పిల్లలు చేతిపని ద్వారా చదువుకోవాలని గాంధీజీ వార్ధాలో విద్యా సదస్సు నడిపారు. ఈ రెండు శ్రమలూ అప్పుడే ఒక బడిలో కలిసి ఉంటే ఎంత బాగుండేది!

మట్టి లేని సాగును చేరదీసింది బడి కాదు, యుద్ధం. అరకులోని పద్మాపురం తోట 1942లో సైనికులకు కూరగాయలు అందించడానికి వెలిసింది. అక్కడ మట్టి ఉంది. అట్లాంటిక్ నడుమ అసెన్షన్ దీవిలో ఉన్నది చాలావరకు రాయే. అమెరికా సైన్యం 1945లో అక్కడ కంకర మడుల్లో లవణాల నీరు పారించి కూరగాయలు పండించింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం కలింపాంగ్‌ది. అదీ మన అనంతగిరిలాగే కొండ ఊరు. 1946లో జేమ్స్ షోల్టో డగ్లస్ అక్కడ ఇసుక, కంకర నింపిన తొట్లతో పంపులు అక్కర్లేని పద్ధతి తయారుచేశాడు. లవణాల పొడి చల్లి నీళ్లు పోస్తే సరి. 1951లో పుస్తకంగా వచ్చిన ఆ 'బెంగాల్ పద్ధతి' బీదవాడి పెరటికి సరిపోయేది.

దాన్ని మనం పోగొట్టుకున్నాం. ఇప్పుడు తరగతి గదిలో హైడ్రోపోనిక్స్ అనగానే ప్లాస్టిక్ గొట్టాలు, పంపు, లైట్లు, పొట్లాల్లో వచ్చే లవణాలు గుర్తొస్తాయి. న్యూయార్క్ బడుల్లో అలాంటి తోటలు చక్కగా నడుస్తున్నాయి. కొండ మీద కరెంటు పోతే మాత్రం పంపు ఆగుతుంది, గొట్టంలో పలచగా పారే నీరు ఆగుతుంది, కొన్ని గంటల్లోనే వేళ్లు ఎండుతాయి. బడుల్లో పోషకాహార తోటలు పెంచాలని 2019లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఆశ్రమ పాఠశాల పిల్లల కంచంలోకి ఆకుకూర రావడం నాకూ కావాలి. కానీ గొట్టంలో వేరు కనిపించదు. మా బడి ప్రయోగశాలలో గ్లాసు అంచున కూర్చోబెట్టిన ఉల్లిగడ్డ కింద తెల్లటి వేళ్లు నీటిలోకి దిగుతుంటే మేం పొద్దున్నే పరిగెత్తి చూసేవాళ్లం. ఆ చూపు పోకూడదు.

అందుకే జూన్‌లో బడి తెరవగానే కిటికీ దగ్గర నాలుగు గ్లాసులు పెడితే చాలంటాను. ఒకదానిలో వాన నీరు, రెండోదానిలో గెడ్డ (వాగు) నీరు, మూడోదానిలో బోరు నీరు. నాలుగోదానిలో గెడ్డ నీటితోపాటు కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్ల కింద ఆకు కుళ్లి మట్టయిన చోటి నుంచి తెచ్చిన పిడికెడు. నాలుగింటిలోనూ తూచిన పుదీనా కాడలు. పాచి పట్టకుండా గ్లాసులకు నల్ల కాగితం చుట్టి, చూడాలనిపించినప్పుడల్లా విప్పి చూడాలి.

ఏ కాడ బాగా ఎదుగుతుందో ముందే చెప్పమంటే, రోజూ ఆ ఆకుల మీదుగా బడికి నడిచొచ్చే పిల్ల నాలుగో గ్లాసు మీద వేలు పెడుతుంది. కాదో అవునో తరాజు చెబుతుంది.