మైసూరు కుర్రవాడు, బాగ్దాదు సంగీతం



కోలారు జిల్లాలో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే పిల్లలకు పాఠాలు చెప్పుకునే పంతులును నేను. కిందటేడు వానాకాలంలో ఒక శనివారం ఎనిమిదో తరగతి పిల్లలకు పాత అమెరికా సినిమాలోంచి అయిదు నిమిషాల ముక్క చూపించాను. 1933లో వచ్చిన ‘కింగ్ కాంగ్’ అది. స్పీకరు తీగ ఊడిపోయి శబ్దం రాలేదు. తెర మీద కొండంత గొరిల్లా రొమ్ము బాదుకుంటుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. “బొమ్మ సార్ అది!” అన్నాడొకడు. వాడన్నది నిజమే. తీగ సరిచేసి అదే ముక్క మళ్లీ వేశాను. ఈసారి నవ్వు లేదు. ముందు వరుసలో ఇద్దరు బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నారు. బొమ్మ అదే, తెర అదే. కొత్తగా వచ్చి చేరింది శబ్దమూ, అందులో ముఖ్యంగా మన సినిమావాళ్లు రీరికార్డింగ్ అనే నేపథ్య సంగీతమూను.

ఆ గొరిల్లా అడుగున్నర ఎత్తు బొమ్మ. లోపల లోహపు కీళ్లు, పైన కుందేటి చర్మం. విల్లిస్ ఓబ్రయన్ అనే నిపుణుడు దాన్ని వెంట్రుకవాసి కదిలిస్తూ ఒక్కొక్క ఫ్రేమూ ఫోటో తీశాడు. అంత శ్రమపడినా జనం నవ్వుతారేమోనన్న భయం తీసినవాళ్లకూ ఉండింది. టాకీలు వచ్చి అప్పటికి ఆరేళ్లు. మాటల వెనకాల వాద్యాలు మోగితే, ఇవి ఎక్కడినుంచి వస్తున్నాయని ప్రేక్షకుడు అడుగుతాడేమోనని నిర్మాతలు జంకేవారు. పైగా డబ్బు చాలదు, పాత సినిమాల సంగీతమే అతికించండని స్టూడియోవాళ్లు అన్నారు. ఖర్చు నేను పెట్టుకుంటానని దర్శకుల్లో ఒకడైన మెరియన్ కూపర్ ముందుకు వచ్చాడు. వియన్నాలో పుట్టిన మాక్స్ స్టైనర్ పెద్ద వాద్యబృందాన్ని కూర్చి సంగీతం రాశాడు.

ఆయన చేసిన గడుసు పని ఒకటి ఉంది. పేర్లు పడటం అయ్యాక, కథ న్యూయార్కులో నడిచినంతసేపూ సంగీతం లేదు. ఓడ పొగమంచులో దీవిని సమీపిస్తుండగా మెల్లగా మొదలవుతుంది. అంటే మనకు తెలిసిన లోకంలో వాద్యాలు ఉండవు, తెలియని లోకంలో ఉంటాయి. ఇక ఆ గొరిల్లాకు ఇచ్చినవి కిందికి దిగే మూడే మూడు స్వరాలు. అవి వినబడితే చాలు, అది తెర మీద లేకపోయినా ఎక్కడో ఉందని మనకు తెలిసిపోతుంది.

ఆ ఏడు ఆ సినిమా చూసి మతి పోగొట్టుకున్న పదమూడేళ్ల పిల్లవాడు రే హారీహౌసెన్. పెద్దయ్యాక తానూ బొమ్మలు కదిలించి సినిమాలు తీశాడు. వాటిలో నాలుగింటికి బెర్నార్డ్ హెర్మన్ సంగీతం. 1958లో వచ్చిన ‘సింద్‌బాద్ ఏడో యాత్ర’లో అస్థిపంజరంతో కత్తియుద్ధం ఉంది. అక్కడ హెర్మన్ సైలోఫోనూ, మన చిడతల వంటి కాస్టనెట్లూ వాయించాడు. ఎముకకు ఎముక తగిలినట్టే ఉంటుంది. 1963లో వచ్చిన ‘జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్’కు వయొలిన్లే వాడలేదు. మన జానపద చిత్రాల్లో ఆ బరువంతా పాటలూ పద్యాలూ మోసేవి కనుక, మనవాళ్లకు ఇంత అవసరం పడలేదేమో!

అయితే నన్ను ఈ ప్రసంగానికి పురికొల్పింది ఇవేవీ కావు, 1940 నాటి ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’. దాని పేరు ఛాయలు మన దాకా వచ్చాయి. తమిళంలో ఎం.జి.ఆర్. ‘బాగ్దాద్ తిరుడన్’ 1960లో వచ్చింది, తెలుగులో ఎన్.టి.ఆర్. ‘బాగ్దాద్ గజదొంగ’ 1968లో. ఆ ఇంగ్లీషు సినిమాకు సంగీతం కూర్చినవాడు మిక్లోష్ రోజా. హంగేరీ దేశస్థుడు. అన్నట్టు ఆ దేశపు భాషలోనూ రోజా అంటే మన రోజాపువ్వే!

నిజానికి ఆ పని ముందు ఆయనది కాదు. దర్శకుల్లో ఒకరైన లుడ్విగ్ బెర్గర్ వియన్నా సంగీతకారుడు ఆస్కార్ స్ట్రాస్‌ను కోరుకున్నాడు. ఆయన పంపిన బాణీలు అరేబియా కథకు అతకలేదు. నిర్మాత అలెగ్జాండర్ కోర్డా పోట్లాట పెట్టుకోకుండా ఒక ఉపాయం చేశాడు. బెర్గర్ గది పక్క గదిలో రోజాను, ఒక పియానోను పెట్టి, గట్టిగా వాయిస్తూ కూర్చోమన్నాడు. కొన్నాళ్లకు బెర్గర్ తానే తలుపు తోసుకుని వచ్చి, ఏమిటా సంగీతమని అడిగాడు. రోజా తన ఆత్మకథలో ఈ ముచ్చట చెప్పుకున్నాడు.

ఆ సంగీతం అరబ్బులది కాదు. అరబ్బు గానం ఎరిగినవారు వింటే ఒప్పుకోరు. రోజా చిన్నతనంలో సెలవులకు మాత్రా కొండల దిగువన తమవాళ్ల పల్లెకు పోయేవాడు. అక్కడి రైతుల పాటలు చెవిన పడ్డాయి, కాగితం మీద రాసుకున్నాడు. తరవాత లండనులో బాగ్దాదు బజారుకు సంగీతం కావలసి వచ్చినప్పుడు ఆయనకు ఊరి వాసనే పలికిందని నా చెవికి తోస్తుంది. ఇది తప్పని కొందరంటారు. పొట్టచేత పట్టుకుని వచ్చి నాలుగు తరాలుగా పరాయి మాటల మధ్య బతుకుతున్న ఇంటివాణ్ణి, నాకు అలా అనబుద్ధి కాదు.

మరి ఆ దొంగ వేషం వేసిందెవరు? సాబూ. 1924లో మన పాత మైసూరు సంస్థానంలో, కబినీ నది దగ్గర కారాపురంలో పుట్టిన మావటివాని కొడుకు. తండ్రి పోయాక మహారాజావారి ఏనుగుశాలలో పెరిగాడు. సినిమావాళ్లు అక్కడ చూసి పట్టుకుపోయారు. 1937లో ‘ఎలిఫెంట్ బాయ్’ వచ్చింది. బాగ్దాదు దొంగ చిత్రీకరణ మొదలయ్యేనాటికి పదిహేనేళ్లవాడు. ఇంతలో ప్రపంచయుద్ధం వచ్చిపడింది. సినిమాను అమెరికాకు తీసుకుపోయి ముగించారు. రోజా వెళ్లాడు, సాబూ వెళ్లాడు. ఇద్దరూ అక్కడే ఉండిపోయారు. ఆ చిత్రానికి మూడు ఆస్కార్లు వచ్చాయి. సంగీతం పోటీలో నిలిచింది కానీ గెలవలేదు.

1942లో ఆ ఇద్దరే మళ్లీ ‘జంగిల్ బుక్’లో కలిశారు. ఈసారి రోజా అడవి జంతువులకు వాద్యాలతో రూపం కట్టాడు. ఆ సంగీతాన్ని విడిగా గ్రామఫోను రికార్డులుగా వేశారు. అమెరికాలో పాటల సినిమా కాని సినిమా సంగీతం అలా రికార్డుల సెట్టుగా రావడం అదే మొదలని చెబుతారు. సంగీతానికి నడుమ కథ చెప్పే గొంతు కావాలి కదా. ఆ గొంతు సాబూదే.

సాబూ తరవాత అమెరికా పౌరుడై, యుద్ధవిమానంలో తోక తుపాకీ పట్టాడు. ముప్ఫైతొమ్మిదేళ్ల వయసులో 1963 డిసెంబరులో పోయాడు. ఆ రికార్డు ఒక మిత్రుని దగ్గర విన్నాను. గరగరమనే సూది కింద వాద్యాలు లేస్తాయి, తగ్గుతాయి. అప్పుడు ఇంగ్లీషులో, కొంచెం మన వైపు యాసతో, కారాపురం కుర్రవాడు అడవిలో ఎవరెవరున్నారో పేరుపేరునా చెప్పడం మొదలుపెడతాడు. ఏనుగుల వంతు వచ్చినప్పుడు నేను సూది ఎత్తి, వెనక్కి పెట్టి, మళ్లీ విన్నాను.