గాజుతొట్టిలో నీళ్లు, కరిసల్ నేలలో జీవం



కోవిల్‌పట్టిలోనో, విరుదునగర్‌లోనో ఒక ఇంటి ముందుగదిలో చేపల తొట్టి ఉందనుకోండి. ఆదివారం నాడు పిల్లలు దాన్ని ఖాళీ చేశారు. గులకరాళ్లు తెల్లగా తోమారు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పిండి, కొత్త నీళ్లు నింపారు. నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి. కానీ రెండు రోజులకల్లా చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. వారం తిరిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

అంత శుభ్రమైన నీళ్లలో చేపలెందుకు చచ్చిపోయాయి? ఈ చిక్కు విడిపోవడానికి నలభై ఏళ్లు పట్టింది. జవాబులో సగం మన నల్లరేగడిలోనే ఉంది.

1849లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు సుమారు 54 లీటర్లు పట్టే గాజుపాత్రలో రెండు చిన్న బంగారు చేపల్ని, వాలిస్నేరియా అనే నీటిమొక్కను ఉంచాడు. మొక్క ఇచ్చే ప్రాణవాయువుతో చేపలు బతికాయి. కుళ్లిన ఆకులు నీటిని చెడగొడుతుంటే నత్తల్ని వదిలాడు. అవి కుళ్లును తిన్నాయి. నీరు తేటపడింది. అయితే కంటికి కనిపించని పనివాళ్లు కూడా ఆ పాత్రలో ఉన్నారని ఆయనకు తెలియదు.

ఆ పనివాళ్ల జాడ పట్టినవారిలో ఆయన కొడుకూ ఒకడు. అతని పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, ముంట్జ్ అనే ఇద్దరు, అమ్మోనియాను నైట్రేటుగా మార్చేవి సూక్ష్మజీవులేనని చూపించారు. మరుసటి ఏడు నుంచి ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధనా క్షేత్రంలో చిన్న వారింగ్టన్ ఇదే పరిశీలించి, ఆ మార్పు రెండు మెట్లలో జరుగుతుందని తేల్చాడు. అమ్మోనియా ముందు నైట్రైట్ అవుతుంది, తర్వాత నైట్రేట్ అవుతుంది. 1890లో వినోగ్రాడ్‌స్కీ ఆ జీవుల్ని విడదీసి చూపాడు.

కరిసల్ చేలో మనం తోలిన పశువుల ఎరువు పత్తిమొక్కకు అందేది ఈ జీవుల వల్లనే. నల్లరేగడి మెట్టసేద్యం కోసం 1901లోనే కోవిల్‌పట్టిలో పరిశోధనా క్షేత్రం వెలిసింది. నేల సంగతి మనకు కొత్త కాదు.

గాజుతొట్టి కూడా చిన్న చేను లాంటిదే. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. గులకరాళ్ల మీద, స్పాంజిలో కాపురముండే సూక్ష్మజీవులు దాన్ని మారుస్తాయి. తోమి పారబోసింది వాటినే. పైగా కోవిల్‌పట్టికి గొట్టాల్లో వచ్చే తామ్రపర్ణి నీటివంటి కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది ఆ జీవుల్ని చంపుతుంది, చేపల మొప్పల్నీ కాలుస్తుంది. క్షారగుణం ఉన్న బావినీళ్లలో, మన వేసవి వేడిలో అమ్మోనియా విషం ఇంకా పెరుగుతుంది. వేడినీటిలో ప్రాణవాయువు కూడా తక్కువే.

అందుచేత వారానికి నాలుగో వంతు నీళ్లు మాత్రమే మార్చండి. క్లోరిన్ కలిపిన నీళ్లను ఒకరోజు మూతలేకుండా ఉంచి పోయండి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగైదు వారాలు పడుతుంది. అందాకా ఒకటి రెండు చేపలే చాలు. రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత వేయండి. చేప పైకొచ్చి రొప్పినా, రెక్కలు ముడుచుకున్నా, మందు కోసం పరుగెత్తేముందు నీళ్లు చూడండి.

మన ఊరి కణ్మాయిని ఎవరూ తోమి కడగలేదు. అడుగు మట్టి, నాచు, నత్తలు దాన్ని కాపాడాయి. వాటిలో కొంతయినా మన గాజుతొట్టిలో మిగలనిద్దాం.