కన్ను చెప్పు సాక్ష్యము

కన్నులార చూచితిమను మాటకు మించిన ప్రమాణము లేదని లోకమున సామాన్యులందఱి నమ్మకము. విన్నది కల్ల కావచ్చును గాని కన్నది కల్ల కానేరదని మనవారు వాదింతురు. ఈ నమ్మకమువలన మేలెంత గలదో కీడును అంత గలదు. అర్ధరాత్రమున ఊరిబయట వెలుగొకటి తిరుగాడుచుండగా చూచితినని యొకడు చెప్పిన మాటను పట్టుకొని, దిక్కులేని ముదుసలిపై చేతబడి యపవాదము మోపిన సంగతులు తెలుగుదేశమున అపూర్వములు కావు. ఆ చూచినవాడు అబద్ధమాడెనని చెప్ప వీలులేదు. వానికి వెలుగు కనబడియే యుండును. కాని కనబడినదానికిని ఉన్నదానికిని నడుమ నెంత యెడము గలదో వాడెఱుగడు. ఆ యెడమును మానవజాతి ఎట్లు గుర్తించుచు వచ్చెనో, అందు మన రాయలసీమ ఏయే నిదర్శనములు చూపగలదో సంగ్రహముగా తెలుపుటయే యిచట మా యుద్దేశము.

కర్నూలు, కడప సీమలవారు దృష్టిభ్రాంతియన నెట్టిదో పుస్తకములు చదివి తెలిసికొన నక్కఱలేదు. వేసవిలో మిట్టమధ్యాహ్నము కోవెలకుంట్ల ప్రాంతపు నల్లరేగడి బీళ్లపై నిలిచి చూచినచో, దూరమున నీటిమడుగు తళతళ మెఱయుచుండును. చెట్ల నీడలు తలక్రిందులుగా అందులో కదలుచుండును. మనము పదియడుగులు ముందునకు పోగా ఆ మడుగును పదియడుగులు వెనుకకు జరుగును. దీనినే తెలుగువారు ఎండమావులనిరి. సంస్కృతమున మృగతృష్ణయని, మరీచికయని పేళ్లు. వానకు మొగము వాచిన సీమలో మోసము నీటిరూపముననే వచ్చుట విధి చేసిన పరిహాసమువలె తోచును. కాని యిందు విధికిగాని దయ్యమునకుగాని పనిలేదు. ఎండకు కాగిన నేల తన్నంటియున్న గాలిని మిక్కిలి వేడిచేయును. వేడెక్కిన గాలి పలుచనగును. ఆకాశమునుండి ఏటవాలుగా దిగివచ్చు వెలుగు ఆ పలుచని పొరలను చొచ్చునపుడు క్రమముగా వంగి, నేలను తాకకయే మరల పైకి లేచి మన కంటబడును. వెలుగు తిన్నగానే వచ్చునని కంటికి అలవాటు. కావున అది యాకాశపు తునకను నేలమీద చూపును. నేలమీద మెఱయునది నీరుగాక మఱేమని మనస్సు నిశ్చయించుకొనును. 1798లో నెపోలియను సేనలు ఐగుప్తుదేశపు ఎడారిలో దప్పిచే నలమటించుచు ఇట్టి చెఱువులనే చూచి మోసపోగా, ఆ దండుతో పోయిన మోంజియను ఫ్రెంచి గణితశాస్త్రజ్ఞుడు దీని కారణమును పరిశీలించి వివరించెను.

ఇందొక విశేషము గమనింపదగియున్నది. కెమేరా పెట్టి పటము తీసినను ఆ మడుగు పటమున పడును. అనగా ఇట మోసము వెలుగు నడచిన దారిలో నున్నది. కంటి దోషము లేదు. నీరని తీర్పు చెప్పుట మాత్రము మనస్సు చేసిన పని.

ఈ తీర్పును గూర్చి మన పూర్వులు చేసిన విచారణ సామాన్యమైనది కాదు. భ్రాంతియందు కనబడు వస్తువెచటిది యను ప్రశ్నపై దర్శనకారులు తరతరములు వాదించిరి. ముత్యపుచిప్పను చూచి వెండి యనుకొన్నవాడు, వేఱొకచోట చూచిన వెండినే యిచట నారోపించుచున్నాడని నైయాయికులనిరి. ఎదుటనున్న దానిని చూచుటకును, వెండిని స్మరించుటకును గల భేదము తెలియకపోవుటయే భ్రాంతియని ప్రాభాకర మీమాంసకులనిరి. ఆ వెండి ఉన్నదనిగాని లేదనిగాని నిర్వచింప శక్యముకాదని అద్వైతులనిరి. అంతటితో నాగక, వేదాంతులు భ్రాంతులను రెండు తెఱగులుగా విభజించిరి. త్రాటియందలి పాము దీపము తెచ్చినంతనే మాయమగును. దాసనపువ్వు చెంత నున్న స్ఫటికము మాత్రము, తెల్లనిదని తెలిసిన పిమ్మటను ఎఱ్ఱగానే కనబడును. మొదటిది నిరుపాధికము, రెండవది సోపాధికము. జ్ఞానము కలిగినను కనబడుట మానని భ్రాంతులు గలవని యిట్లు విడదీసి చెప్పుట నేటి మనశ్శాస్త్రజ్ఞులును మెచ్చదగిన విషయము.

ఈ రెండవ తెగకు చంద్రుడే సాక్షి. పున్నమినాడు కొండమీద నుదయించు చంద్రబింబము బండిచక్రమంత గానవచ్చి, నడిమింటికి వచ్చునప్పటికి పళ్లెమంత యగును. చేయి చాచి వ్రేళ్లనడుమ శనగగింజ నొకదానిని పట్టి, ఒక కన్ను మూసి చూచినచో రెండు వేళలయందును ఆ గింజయే చంద్రుని కప్పివేయును. నిజమునకు బింబము పెరుగనులేదు, తరుగనులేదు. దాని వెడల్పు రెండుచోట్లను ఇంచుమించు అరడిగ్రీయే. పదునొకండవ శతాబ్దమున అరబ్బీ పండితుడగు ఇబ్నుల్ హైథమ్ తన దృష్టిశాస్త్రగ్రంథమున, దిగంతమున నున్న చంద్రుడు దూరమున నున్నట్లు తోచుటచే మనస్సు వానిని పెద్దవానిగా నెంచునని చెప్పెను. ఈ సమస్యపై వాదములు నేటికిని ముగియలేదు. పందొమ్మిదవ శతాబ్దమున జర్మనుడగు హెల్మ్‌హోల్జు, చూచుటయనగా మన మెఱుగకయే మనస్సు చేయు అనుమానమని సిద్ధాంతీకరించెను. పొగను చూచి నిప్పు నూహించుట మన మెఱిగి చేయుదుము. ఇది యెఱుగక చేయుదుము. భేదమంతియే.

చదువుకొన్నవారమగుటచే మేము మోసపోమని తలచువారికి మఱియొక నిదర్శనము గలదు. సమానమగు రెండు గీతలు గీచి, ఒకదాని రెండు కొనలను బాణపు ములుకులవలెను, రెండవదాని కొనలను వెలికి విచ్చుకొన్న చీలికలవలెను దిద్దినచో, రెండవది పొడవుగా కనబడును. 1889లో ముల్లరు లయ్యరను జర్మనుడు దీనిని ప్రకటించెను. మా తరగతిలోని బాలురు కొలబద్ద పెట్టి కొలిచి, సరియేనని ఒప్పుకొని, మరల చూచి మరల పొడవనియే చెప్పుదురు. 1898లో టారెసు జలసంధి ద్వీపవాసులను, 1901, 1902 సంవత్సరములలో నీలగిరులయందలి తోడజాతివారిని రివర్సను ఆంగ్ల పండితుడు ఈ గీతలతో పరీక్షించెను. వారు ఇంగ్లీషువారికంటె తక్కువగా మోసపోయిరని తేలెను. నిలువుగీతను అడ్డగీతను పోల్చు పరీక్షలో మాత్రము వారే యెక్కువ మోసపోయిరి. మూలలు దీర్చిన గోడల నడుమ జీవించుటచే నొక అలవాటు, బయళ్లలో జీవించుటచే వేఱొక అలవాటు కంటికి పట్టుపడునని కొందఱు శాస్త్రజ్ఞులు పిమ్మట నూహించిరి. ఏమైనను, భ్రాంతి మూఢుల సొత్తనియు, నాగరకులు దానికి అతీతులనియు చెప్పుట యుక్తముకాదు.

భ్రాంతి సర్వసామాన్యమగుటచేతనే కళాకారులు దానిని పనిముట్టుగా వాడుకొనిరి. పదునాఱవ శతాబ్దమున నంద్యాల కృష్ణమరాజు నాశ్రయించిన పింగళి సూరన, కళాపూర్ణోదయమున నిజరంభను మాయారంభను ఎదురెదురుగా నిలిపి వాదులాడించెను. ఆ శతాబ్దముననే అచ్యుతదేవరాయల కాలమున లేపాక్షిలో వీరభద్రాలయము వెలసినది. అట నొక శిల్పమున వృషభమునకు దేహమొకటి, తలలు మూడు. ఏ రెండు తలలను చేతితో కప్పినను మిగిలిన తల ఆ దేహమునకే సహజముగా నతుకును. శిల్పి మనకు బూటకము చెప్పలేదు. మన కన్ను తునకలనుండి పూర్ణరూపమును కల్పించుకొను తీరును బయటపెట్టినాడు. కొఱవిని గిరగిర త్రిప్పగా నిప్పుచక్రము కనబడుటకు వేగమే కారణమని న్యాయసూత్రము చెప్పుచున్నది. 1912లో వెర్ట్‌హైమరను మనశ్శాస్త్రజ్ఞుడు, నిలుకడగానున్న రెండు గీతలను వెంటవెంటనే మార్చి చూపినచో, ఒకే గీత కదలినట్లు తోచునని నిరూపించెను. చలనచిత్రమునకు ఆధారము కదలని పటములనుండి కదలికను కల్పించుకొను మనస్సుయొక్క యీ స్వభావమే. 1957లో వెలువడిన మాయాబజారు దర్శకుడు కె. వి. రెడ్డి తాడిపత్రివాడు, నిర్మాతలలో నొకడగు నాగిరెడ్డి కడపమండలపు పొట్టిపాడువాడు. అందు మార్కస్ బార్ట్లే దీపములతో కల్పించిన వెన్నెలను చూచి తెలుగువారు మైమఱచిరి. చిత్రము ముగియగనే అది దీపకాంతియని యొప్పుకొనుటకు ఎవ్వరికిని కష్టము లేదు.

కష్టమంతయు భక్తి, భయము కలిసినచోటనే. బనగానపల్లె చేరువ నున్న యాగంటి క్షేత్రమున నందివిగ్రహము నానాటికి పెరుగుచున్నదని జనుల విశ్వాసము. పూర్వము చుట్టును ప్రదక్షిణమునకు చోటుండెననియు, నేడు లేదనియు వృద్ధులు చెప్పుదురు. మేమా విశ్వాసమును గేలిచేయ బూనుకొనలేదు. ఒక్క సంగతి మాత్రము మనవి చేయుదుము: తలవెండ్రుకమందము పెరుగుదలను కన్ను చూడజాలదు, బాల్యమున చూచిన చోటును వార్ధక్యమున తలచుకొని కొలుచుట జ్ఞాపకమునకును శక్యముకాదు. నందికిని స్తంభమునకును నడుమ నెడమును కొలిచి, తేదీతో గోడపై వ్రాసియుంచినచో, ఏబది యేండ్లకు మన మనుమలు కొలబద్దతో సత్యము చెప్పగలరు. పరీక్షకు నిలువనీయుటవలన దేవునికి లోపమేమియు రాదు.

కావున గృహస్థులకు మా విన్నపమిది. పిల్లలు భయపడి వచ్చి దయ్యమును చూచితిమన్నపుడు, చూడలేదని కసరకుడు; చూచిరనియే యొప్పుకొనుడు. పిదప దీపము పట్టుకొని వారితో ఆ చోటికి పొండు. పున్నమినాడు శనగగింజతో చంద్రుని కొలిపింపుడు. కన్ను సాక్షియేగాని న్యాయాధిపతి కాదని యింటిలో నేర్చుకొన్న బాలుడు, రేపు ఊరిలో ఎవరో యొకరు నిస్సహాయురాలగు స్త్రీపై నిందమోపి, కన్నులార చూచితిననినపుడు, ఏమి చూచితివి, ఎంత దూరమునుండి చూచితివి, ఏ వెలుగులో చూచితివి యని యడుగగలడు. ఆ మూడు ప్రశ్నలు అడుగువా డొక్కడు లేకపోవుటచేతనే ఎన్నియో కొంపలు కూలినవి.